తప్పెవరిది? తప్పెక్కడిది?

లోకములో నేదైన పొరపాటు జరిగినప్పుడు తప్పెక్కడ నున్నదని వెదకువారు కొందరు. తప్పెవరిదని వెదకువారు పెక్కండ్రు. మొదటి తెగవారు నేలమీద పడుకొని చూడవలసి వచ్చును, బట్టలకు మసి యంటును, కాలము పట్టును. రెండవ తెగవారికి ఆ శ్రమ యేమియు లేదు. కూర్చున్నచోటనే కూర్చుండి వ్రేలు చూపిన చాలును. మేమును చాలకాలము రెండవ తెగలోనివారమే. ఒక పాతకారు మమ్ము నేలమీద పడుకొనబెట్టి మొదటి తెగలోనికి మార్చినది. అయితే ఆ చదువునకైన వెలలో హెచ్చుభాగమును మేము గాక మరియొకరు చెల్లించిరి. ఆ ఋణము నొప్పుకొనుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా తండ్రిగారు 1986లో కొన్న అంబాసిడరు కారొకటి తణుకులో మా యింట నుండెను. ఇంగ్లండువారి మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి బండిని మాతృకగా గైకొని వంగదేశమున ఉత్తరపారాలో ఈ కారును చేయుచుండిరి. 2014లో తయారీ నిలిచిపోవువరకు దాని మూలాకారము మారలేదు. ఇంటిల్లిపాది యెక్కినను కాదనక మోసెడిది. పెండ్లికిని, ఆసుపత్రికిని, పరీక్షలకును మాకదియే వాహనము. దానిని నడపుటకు మా తండ్రిగారి నాటినుండి యొక డ్రైవరుండిరి. ఆయన మాకంటె పదునైదేండ్లు పెద్ద. అయినను మా యింట పిన్నపెద్దలందరును ఆయనను 'నీవు' అనియే పిలుచుచుండిరి. ఆయన మాత్రము మమ్ము 'బాబుగారూ' అనెడివారు. ఈ వ్యాసమున 'ఆయన' యని వ్రాయుచున్నాముగాని, ఆనాడు మేము 'వాడు' అనియే యంటిమి.

2009వ సంవత్సరము వేసవిలో కారునకొక జాడ్యము పట్టుకొనెను. తిన్నని బాటమీద కూడ అది తిన్నగా పోదు. ఒకపరి యెడమకు జరుగును. సరిచేయబోగా కుడికి జరుగును. చక్రము పట్టినవాడు క్షణక్షణము దానిని దిద్దుచునే యుండవలెను. వెనుక కూర్చున్న మాకు మత్తెక్కినవాని భుజముమీద చేయివేసి నడచుచున్నట్లుండెను. డ్రైవరుగారిని గద్దించితిమి. అప్పుడాయన చెప్పిన మాట నేటికిని మా చెవులలో నున్నది:

"ముందునుంచి కాదు బాబుగారూ. వెనకనుంచి ఎవరో తోస్తున్నట్టుంది. ఎక్సలేటరు నొక్కితే ఒక పక్కకి పోతోంది, వదిలితే ఇంకో పక్కకి పోతోంది."

"స్టీరింగు నీ చేతిలో ఉంటే వెనకనుంచి తోసేదెవరోయ్?" అని మేము నవ్వితిమి. ఆయన మరల మాటాడలేదు.

ఆ నెలలోనే ఒక పెండ్లికై మేము భార్యతోను ఇద్దరు కుమార్తెలతోను భీమవరమునకు బయలుదేరితిమి. అత్తిలి దాటిన తరువాత ఒకచోట రోడ్డును ఆనుకొని పంటకాలువ యున్నది. ఎదుట లారీ వచ్చెను. దానికి దారి యిచ్చుటకై డ్రైవరుగారు ఎక్సలేటరుమీది కాలు తీసిరి. తీసినదే తడవుగా కారు కాలువవైపునకు జారెను. ఆయన చక్రమును త్రిప్పి, బ్రేకు నొక్కి నిలుపునప్పటికి ఎడమవైపు ముందుచక్రము గట్టు అంచున మెత్తని మట్టిలో దిగబడెను. క్రింద నిండుకాలువ పారుచున్నది. పిల్లలు కేకవేయుటకు కూడ మరచిరి. ఎవరికిని దెబ్బ తగులలేదు. ఆనాడు మమ్ము బ్రదికించినవి ఆ ముసలిచేతులే. కాని యా రాత్రి మేము చేసిన తీర్పు వేరు. "వానికి చూపు తగ్గి యుండవలెను, లేదా త్రాగుచుండవలెను" అంటిమి. "ఇన్నేళ్లలో ఆయన ఎన్నడైనా తాగి వచ్చారాండీ?" అని మా యిల్లాలడిగెను. ఆ ప్రశ్నకు బదులు చెప్పక, "నీకు తెలియదు" అంటిమి. మరునాటి యుదయమున ఒక నెల జీతము చేతిలో పెట్టి ఆయనను పంపివేసితిమి. ఆయన తాళపుచెవి కిటికీ గూటిలో పెట్టి, "బండి ఎవరికైనా చూపించండి బాబుగారూ" అని మాత్రమని వెడలిపోయిరి. ఎందుకు మాన్పించితిరని అడిగిన ఇద్దరు బంధువులతో మా యనుమానమును నిశ్చయముగానే చెప్పితిమి.

పడుచువాడొకడు క్రొత్త డ్రైవరుగా వచ్చెను. కారు మునుపటివలెనే తూలుచుండెను. మా తల్లిగారు ముందు నిమ్మకాయయు మిరపకాయలును కట్టించి, గుమ్మడికాయ దిష్టి తీయించిరి. ఆమె భయమును మేము పరిహసింపము. ఆనాడు మా తెలివియు అంతకంటె మెరుగైనది కాదు. పిమ్మట నొక మెకానిక్కు వచ్చి, చక్రమును రెండుమారు లూపి, "స్టీరింగు లూజయింది, బిగించాలి" అనెను. బిగించెను. వ్యాధి హెచ్చెను.

ఎందువలన హెచ్చెనో తరువాత తెలిసికొంటిమి. ఈ కారులో స్టీరింగు కడ్డీ కొనను చిన్న పండ్లచక్రము గలదు. అది తిరిగినప్పుడు అడ్డముగా నున్న పండ్లపట్టీ కుడియెడమలకు జరిగి, రెండు కొసలనున్న టైరాడ్ల ద్వారా ముందుచక్రములను మరల్చును. ఈ పండ్లపట్టీ యెగిరిపడకుండ స్ప్రింగుతో నొక్కిపట్టు దిమ్మ యొకటి యుండును. మెకానిక్కు బిగించినది దానినే. ముందుచక్రములకు సహజముగా నొక గుణము గలదు: త్రిప్పి వదలినచో తమంత తామే నడిమికి వచ్చును. ఆసుపత్రిలో రోగులను త్రోసికొనిపోవు బండి చక్రములు చూడుడు. బండి యెటు పోయిన అవి దానివెంట తిన్నబడును. చక్రము తిరుగు ఇరుసుగీత నేలను తాకుచోటికంటె టైరు తాకుచోటు కొంచెము వెనుక నుండుటయే దీనికి ముఖ్యకారణము. మోటారుకారు ముందుచక్రములలోను ఈ యేర్పాటే కలదు. దిమ్మను మితిమీరి బిగించినచో చక్రములు తమంత తాము నడిమికి రాలేవు. త్రిప్పినచోటనే నిలిచిపోవును. అప్పుడు నడపువాడు ప్రతి చిన్న సవరణను రెండుమారులు చేయవలెను: ఒకమారు పోనిచ్చుటకు, మరియొకమారు రప్పించుటకు. పట్టు బిగిసినది, తూలు పోలేదు. సంసారములలో కూడ తప్పెక్కడనో యుండగా చేతికందినవారిని బిగించువారు మాకు చాలమంది తెలియుదురు. మేమును అట్టివారమే.

తరువాత టైర్లమీద ననుమానము కలిగినది. కారునకు మొదటినుండియు పాతరకపు అడ్డనేత టైర్లుండెను. నాలుగును మార్చుటకు డబ్బు హెచ్చగునని ముందుచక్రములకు మాత్రము రెండు క్రొత్త రేడియలు టైర్లు వేయించితిమి. ఈ పొదుపు మూఢత్వమని కూడ తరువాతనే తెలిసినది. మలుపులో ప్రక్కకు లాగు బలమునకు ఏ టైరైనను కొంత యోరకు జరుగును. రేడియలు టైరు తక్కువ జరుగును. అడ్డనేత టైరు ఎక్కువ జరుగును. ముందు రేడియలును, వెనుక అడ్డనేతయు నున్నప్పుడు కారు ముందుభాగము నేలను పట్టుకొనును, తోకభాగము విసురుకొనిపోవును. నాలుగును ఒకే రకమై యుండుట మేలు. రెండే యున్నప్పుడు రేడియళ్లు వెనుకనే యుండవలెనుగాని ముందెన్నడు నుండకూడదు. మేము సరిగా దానికి విపరీతముగా చేసితిమి. డబ్బు మిగిల్చితిమనుకొనుచు, కాలువగట్టుమీదికి మరియొకమారు పిల్లలను పంపుటకు సిద్ధపడితిమి.

ఈ స్థితిలో మా పెద్దమ్మాయి యొకనాడు భోజనమువేళ నిట్లనెను. ఆమె యప్పుడు కాలేజీలో భౌతికశాస్త్రము చదువుచుండెను. "నాన్నగారూ, డ్రైవరు మారాడు. బండి మారలేదు. జబ్బు అలాగే ఉంది. మరి జబ్బు ఎవరిది?"

మేమన్నము కలుపుచున్న చేయి నాపితిమి. ఆ ప్రశ్నలో శాస్త్రమేమంత లేదు. పదేండ్ల పిల్లవాడును వేయదగిన ప్రశ్న. ఒక కారణమును తీసివేసినను కార్యము నిలిచియున్నచో అది కారణము కాదు. మూడు నెలలుగా మేము చూడకుండుట కడ్డము వచ్చినది తెలివితక్కువ కాదు. ఒకమారు తీర్పు చెప్పినవానికి దానిని తిరుగ విచారించుటకు గల యయిష్టము.

ఆ వారమే పట్టణములోని యొక పాతమేస్త్రి షెడ్డునకు కారు తోలించితిమి. ఆయన మొదట మమ్మడిగినది, "దీన్ని నడిపినాయన ఏమన్నాడు?" అని. మేము, "అతడిప్పుడు లేడు" అంటిమి. "సరే, అయితే అన్నీ చూడాలి" అని ఆయన పని ప్రారంభించెను. సాయము చేయుటకు మా యమ్మాయి సిద్ధపడెను. షెడ్డులోని కుర్రవాండ్రు వింతగా చూచిరి. మేస్త్రి మాత్రము ఒక పాతగుడ్డ యామె చేతికిచ్చి, "చక్రం దగ్గర కూర్చోమ్మా, చెప్పినప్పుడు ఊపు" అనెను.

ఆయన చేసిన పరీక్షను క్రమముగా చెప్పెదము. మొదట నాలుగు టైర్లలోని గాలిని కొలిచెను. ముందు రెండింటిలో నొకదానియందు 30 పౌనులును, రెండవదానియందు 18 పౌనులును ఉన్నవి. మేము మూడు నెలలు దేవునిని, డ్రైవరును, స్టీరింగును నిందించితిమిగాని గాలి కొలిపించలేదు. దానిని సమము చేసి, రేడియళ్లను వెనుకకు మార్చెను. తరువాత జాకీతో ముందుచక్రము నెత్తి, పైని క్రిందను పట్టి యూపెను, చక్రము కొంచెమాడెను. మా యమ్మాయిని బ్రేకు నొక్కుమనెను. నొక్కిన తరువాత నాట పోయినచో బేరింగు లూజు. బ్రేకు నొక్కినను ఆడినచో అది తిరుగు పిన్నులోని అరుగుదల. ఇక్కడ ఆట పోయినది, బేరింగును సరిచేసెను. పిదప చక్రమును కుడియెడమల పట్టి యూపి టైరాడ్ల కొసలను చూచెను. ఎడమకొస కొంత యరిగినది. గ్రీజు పెట్టు రంధ్రములు మట్టితో పూడియున్నవి. ఎన్నడు గ్రీజు కొట్టించితిరని అడుగగా మేము జ్ఞాపకము చేసికొనలేకపోతిమి. ఒక దారము సాగదీసి ముందుచక్రముల వరుసను చూచెను. ఇట్టి కారునకు అవి ముందువైపున రెండుమూడు మిల్లీమీటర్లు లోనికి మొగ్గియుండవలెనట. పరుగులో నేల వానిని వెలుపలికి త్రోయును గనుక ఆ మొగ్గు అతుకులలోని సందును మ్రింగివేయును. మా కారున అవి వెలుపలికే తిరిగియున్నవి. పండ్లపట్టీ దిమ్మను తగినంత సడలించెను. చక్రములు తిరిగి నడిమికి వచ్చుట మొదలిడెను.

మేము సంతోషించి, "ఇంక అయిపోయినట్టేనా?" అంటిమి. మేస్త్రి కారును బైటికి తీసికొనిపోయి వచ్చి తల యడ్డముగా నూపెను. "చాలా తగ్గింది. కాని ఎక్సలేటరు నొక్కితే ఒకవైపు, వదిలితే ఒకవైపు పోతోంది. ఇది ముందుది కాదు. వెనకనుంచి ఎవరో తోస్తున్నట్టుంది" అనెను.

అక్షరాల ఆ మాటలే! మా యమ్మాయి మా ముఖమువంక చూచెను. మేము నేలవంక చూచితిమి.

కారు వెనుకభాగము నెత్తిరి. మేస్త్రి మమ్ము కూడ క్రింద దూరి చూడుమనెను. నలువదియెనిమిదేండ్ల వయసున మేము మొదటిసారి మా కారు పొట్ట చూచితిమి. వెనుక ఇరుసును కమాను కట్టలకు బిగించునవి యూ బోల్టులు. ఎడమవైపువి వ్రేళ్లతో త్రిప్పినను తిరుగునంత వదులైయున్నవి. ఇరుసు ఇనుపపట్టీలమీద జరిగిన చోట తుప్పు రాలి మెరుపుగీత యేర్పడినది. ఎక్సలేటరు నొక్కినప్పుడు ఇరుసు ఎడమకొస వెండ్రుకవాసి ముందునకును, వదలినప్పుడు వెనుకకును జరుగుచుండెను. ఇరుసు వంకర తిరిగినచో వెనుకచక్రములు వేరుదారి చూపును. గోదావరి కాలువలలో పడవలు చూచినవారికి దీనిని విప్పి చెప్పనక్కరలేదు. పడవకు చుక్కాని యుండునది వెనుకనే. వెనుకభాగము కొంచెము మరలినచో ముందుభాగము చాల తిరుగును. మా కారునకు రెండు చుక్కానులుండెను. ఒకటి డ్రైవరుగారి చేతిలోనిది. రెండవది ఎవరి చేతిలోను లేనిది.

ఆ బోల్టులేల వదులైనవి? ఆ యేడు ఫాల్గుణములో మేమే కమాను కట్టలు క్రొత్తవి వేయించితిమి. వేసినవారు, "నాలుగైదు వందల కిలోమీటర్లు తిరిగాక ఒకసారి తీసుకురండి, మళ్లీ బిగించాలి" అని చెప్పియేయుండిరి. క్రొత్తకట్ట బరువునకు అణగి సర్దుకొనును. అప్పుడు బోల్టుల పట్టు సడలును. డ్రైవరుగారు మాకది రెండుమారులు జ్ఞాపకము చేసిరి. "తరువాత చూతము" అంటిమి. ఇప్పుడు తప్పెక్కడ నున్నదో తెలిసినది. దానితో తప్పెవరిదో కూడ తెలిసినది.

బోల్టులు బిగించుటకు అరగంట పట్టెను. కారు త్రాడు పట్టినట్లు పోయెను. కాని మాకు మిగిలిన పని పానాలతో నగునది కాదు.

మరునాడు మేము డ్రైవరుగారి యింటికి పోతిమి. అంతకు మునుపెన్నడును వారి గడప తొక్కియుండలేదు. ఆయన పాలవ్యాను తోలుచుండిరి. జీతము మేమిచ్చినదానిలో సగము. నడుమ రెండు కొలువులు కుదిరి తప్పినవట. ఎందుకు తప్పినవో ఆయన చెప్పలేదు, మాకు తెలియును. జరిగినదంతయు చెప్పి, తప్పు మాది, క్షమింపుడంటిమి. "మీరు" అను మాట ఆయనయెడల మా నోట వచ్చుట అదియే మొదలు. ఆయన క్షమించితిననియు అనలేదు, క్షమింపననియు అనలేదు. "ఎడంపక్క యూ బోల్టులేనా?" అని యడిగిరి. అవునంటిమి. తాళపుచెవి కొరకు చేయి చాపిరి. కారును కాలువ వంతెనదాక తోలి, వెనుకకు తెచ్చి, "ఇప్పుడు తిన్నగా పోతోంది" అని తాళపుచెవి మా చేతిలో పెట్టిరి. తిరిగి రమ్మని యెంత కోరినను రాలేదు. "ఈ పని బాగానే ఉందండి" అనిరి. 'బాబుగారూ' అనలేదు.

ఇక నిందను చెప్పిన చోటులకు పోయి దానిని వెనుకకు తీసికొనవలెను. ఆ యిద్దరు బంధువుల యిండ్లకును పోతిమి. ఒకరు విని సిగ్గుపడిరి. మరల కబురుచేసి ఆయనను పిలిపించిరి. రెండవవారు నవ్వి, "పోనిద్దురూ, డ్రైవరే కదా!" అనిరి. ఆ మాటకు మాకు కోపము రాలేదు. అది మా మాటయే. మూడు నెలల క్రిందట మా నోట వచ్చినదే, వారి నోట వినవచ్చినది.

ఆ కారు నేడు మాకడ లేదు. 2016లో అమ్మివేసితిమి. పాతకారులున్న యిండ్లింకను కలవు గనుక చదువరులకొక మాట. మీ కారు తూలినచో మొదట గాలి కొలిపింపుడు. నాలుగు టైర్లు ఒకే రకమైనవో కావో చూడుడు. పిదప బేరింగులను, టైరాడ్ల కొసలను, ముందుచక్రముల వరుసను చూపింపుడు. వెనుక ఇరుసును, కమాను కట్టలను మరువకుడు. ఏ యతుకును చూడకయే స్టీరింగును బిగింపనీయకుడు. అయితే వీనియన్నింటికంటె ముందు చేయవలసిన పని యొకటి గలదు. చక్రము పట్టినవారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, బండి యెట్లు పోవుచున్నదో వారినే చెప్పనిండు. మధ్యలో నవ్వకుడు.